గునపం వేయకముందు
(శతవార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పండుగ సభలో నాకిచ్చిన అంశము కొందరికి విచిత్రంగా తోచవచ్చు. “చారిత్రక కట్టడాలు, స్థానిక ప్రభుత్వ నిబంధనలు” అంటే మున్సిపల్ కమిషనరుగారో టౌన్ ప్లానింగ్ ఆఫీసరుగారో మాట్లాడవలసిన సంగతి, గురువుగారికి దీనితో ఏమి పని అని అడుగవచ్చు. పని వున్నది. మన అధ్యక్ష మండలములో నూరేండ్లు నిండిన దేవాలయాలున్నాయి, బడులున్నాయి, మిషన్ బంగళాలున్నాయి. శతవార్షికము వచ్చిందంటే కమిటీలో ఒక మాట లేస్తుంది: “పాతది చిన్నదైపోయింది, పడగొట్టి పెద్దది కడదాము.” వెంటనే ఇంకొకరు లేచి, “అది పాత కట్టడము, ప్రభుత్వమువారు ముట్టుకోనివ్వరు” అంటారు. మూడవవారు, “మన గుడి మన సొంతము, మధ్య ప్రభుత్వమెవరు?” అంటారు. ముగ్గురూ సంఘం మేలు కోరే మాట్లాడుతున్నారు. కాని నిబంధనలో నిజంగా ఏమున్నదో తెలిసి మాట్లాడితే సగం తగవు అక్కడే తీరుతుంది. అందుకే ఈ అంశాన్ని సంతోషముతో ఒప్పుకున్నాను.

మొదట ఒక తేడా గుర్తించాలి. పాత కట్టడాలను కాపాడే చట్టాలు మన దేశములో రెండు రకాలు. మొదటి రకము పురావస్తు చట్టాలు. కేంద్ర ప్రభుత్వానికి 1958 నాటి చట్టము వున్నది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము 1960లో తనకొక చట్టము చేసుకున్నది. చార్మినారు, గోల్కొండ కోట వంటివి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో వున్నాయి. ఈ రక్షణ చాలా గట్టిది. 2010లో వచ్చిన సవరణ ప్రకారము కేంద్ర రక్షిత కట్టడము చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త కట్టడము కూడదు. ఆ పైన మరి 200 మీటర్ల వరకు అనుమతి తీసుకొని కట్టుకోవాలి. మీ గుడి స్థలము అటువంటి కోటకో, ప్రాచీన ఆలయానికో దగ్గరలో వుంటే ఈ హద్దు మీకు వర్తిస్తుంది. ఇది చాలా పాస్టరేట్లు ప్లాను గీయించిన తరువాత గాని తెలుసుకోవు.

అయితే పురావస్తు చట్టము రాజులు కట్టి విడిచిన కోటలకు, శిథిలాలకు సరిపోయినంతగా మనుషులు వాడుకుంటున్న ఇండ్లకు సరిపోదు. రోజూ రోగులు వచ్చే ఆసుపత్రి, పిల్లలు చదివే బడి, ఆదివారము ఆరాధన జరిగే దేవాలయము, పాత బజారులో వరుసగా నిలబడిన మేడలు, వీటిని తాళము వేసి టిక్కెట్టు పెట్టి కాపాడలేము. వీటి కొరకు వచ్చినవే రెండవ రకము, అంటే స్థానిక నిబంధనలు. ఇల్లు కట్టుకునేటప్పుడు ఎంత ఎత్తు, రోడ్డుకు ఎంత దూరము అని చెప్పే నగర ప్రణాళికలోనే పాత కట్టడాలను గూర్చి ఒక అధ్యాయము చేర్చుతారు. రాజ్యాంగానికి 74వ సవరణతో చేరిన పన్నెండవ షెడ్యూలులో మొదటి రెండు అంశాలు పట్టణ ప్రణాళిక, భూ వినియోగము, కట్టడాల నియంత్రణ. గనుక ఇది పట్టణ పాలక సంస్థలకు తగిన పనే.

ఇటువంటి నిబంధనలలో ముందువరుసలో చెప్పదగినది అమెరికా దేశములోని చార్లెస్టన్ పట్టణము. 1931లో ఆ పట్టణమువారు పాత పేటనొకదానిని గీత గీసి, ఆ గీత లోపలి ఇండ్ల వెలుపలి రూపము మార్చదలచినవారు ఒక బోర్డు ఎదుటికి రావాలని శాసనము చేశారు. ఒక్కొక్క ఇల్లు గొప్పది కాకపోవచ్చు, వీధి మొత్తము కలిసి గొప్పది అన్నది అక్కడి ఆలోచన. మన పాత బజార్లను తలచుకుంటే ఆ మాట వెంటనే అర్థమవుతుంది. పది మేడలున్న వరుసలో నడుమనున్న రెండు తీసి అద్దాల దుకాణము కడితే, పోయినవి రెండే అయినా వీధి అంతా పోయినట్లే వుంటుంది.

మన దేశములో బొంబాయి నగరానికి 1995 ఏప్రిల్‌లో ఇటువంటి నిబంధన వచ్చింది. అదే సంవత్సరము డిసెంబరులో హైదరాబాదుకు వచ్చింది. హైదరాబాదు నగరాభివృద్ధి సంస్థవారి 1981 నాటి జోనింగ్ నిబంధనలలో పదమూడవ నిబంధనగా దానిని చేర్చారు. 1998లో 137 కట్టడాల పట్టిక ప్రకటించారు. ప్యాలెస్‌లు, ఆసుపత్రులు, గ్రంథాలయాలు, మసీదులు, దేవాలయాలు ఆ పట్టికలో చోటుచేసుకున్నాయి. దక్కను ప్రాంతపు పెద్ద పెద్ద గుండ్లను, ఆ శిలా సముదాయాలను కూడా ఆ నిబంధన క్రింద కాపాడదగిన ప్రాంతాలుగా గుర్తించారు. కట్టడమంటే మనిషి కట్టినదేనని అనుకునేవారికి ఇది కొత్త సంగతి.

ఈ నిబంధన పనిచేసే తీరు కష్టమైనదేమీ కాదు. మూడు భాగాలున్నాయి. ఒకటి, పట్టిక. ఫలానా కట్టడము విలువైనదని ముందుగా వ్రాసి పెట్టడము. రెండు, తరగతి. అన్నిటికీ ఒకే కొలత పెట్టకుండా, దేనిని ఎంతవరకు మార్చవచ్చునో నిర్ణయించడము. మూడు, కమిటీ. శిల్పులు, ఇంజనీర్లు, చరిత్ర తెలిసినవారు కలిసి కూర్చుని, మార్పు కోరేవారి దరఖాస్తును పరిశీలించడము.

వీటిలో తరగతి అన్న మాటను మనవారు పట్టించుకోరు, కాని గుట్టంతా అందులోనే వున్నది. బొంబాయి నిబంధన చూడండి. మొదటి తరగతి కట్టడాన్ని బలపరచడానికి తప్ప తాకకూడదు. రెండవ తరగతిలో “ఎ” భాగానికి చెందిన కట్టడము లోపల మార్పులు చేసుకుని కొత్త అవసరానికి వాడుకోవచ్చు. “బి” భాగానికి చెందినదైతే అదే స్థలములో, దానికి పొందికగా మరొక కట్టడము కూడా కట్టుకోవచ్చు. మూడవ తరగతిలో లోపలా వెలుపలా మార్పులకు ఇంకా వీలు ఎక్కువ. చూశారా, “ముట్టుకోనివ్వరు” అన్న మాట మొదటి తరగతికి మాత్రమే దగ్గరగా వస్తుంది. మిగిలినవాటికి నిబంధన చెప్పేది “గునపం వేయకముందు వచ్చి అడుగు” అని. నా ప్రసంగమంతటిలో మీరు ఇంటికి తీసుకుపోవలసిన మాట ఇదొక్కటే.

అడుగడము ఎందుకు అంటారా? పడగొట్టడానికి ఒక పూట చాలు. తిరిగి తెచ్చుకోవడానికి నూరేండ్లు కూర్చున్నా చాలదు. తొందర అంతా ఒక వైపు, నష్టమంతా ఇంకొక వైపు వున్న పనిలో కొంచెము ఆలస్యము కల్పించడము తెలివైన పని. న్యూయార్కు నగరములో 1963లో పెన్సిల్వేనియా రైలు స్టేషనును పడగొట్టడము మొదలుపెట్టినప్పుడు ఆపే నిబంధన ఏదీ లేదు. ఆ బాధ మీదనే 1965లో ఆ నగరము చారిత్రక కట్టడాల శాసనము చేసుకున్నది. ఆ శాసనము తరువాతి కట్టడాలను కాపాడింది గాని ఆ స్టేషనును తేలేకపోయింది.

ఇక్కడ సొంతదారుల పక్షాన ఒక మాట చెప్పకపోతే న్యాయము కాదు. “మా తాతలు కట్టిన ఇల్లు, పన్ను మేము కడుతున్నాము, వాన కురిస్తే బక్కెట్లు మేము పెట్టుకుంటున్నాము, అందము మాత్రము ఊరందరిదీ అంటారా?” అని పాత మేడ సొంతదారు అడిగితే ఆ ప్రశ్నకు బలమున్నది. సంఘానికి ఈ బరువు ఇంకా ఎక్కువ. మనకు ఆదివారము కూర్చోవడానికి చోటు కావాలి. పండుగ రోజున పందిరి వేసి, తల్లులు బిడ్డలతో ఎండలో కూర్చుంటున్నారు. ఇది అలంకారముగా చెప్పే మాట కాదు, మన పాస్టరేట్లలో చాలామంది చూస్తున్న సంగతే. ఇటువంటి సంఘానికి, ఊరివారి నిబంధనకు మధ్య తగవు వచ్చి ఒక దేశపు అత్యున్నత న్యాయస్థానము దాకా పోయిన కథ ఒకటున్నది. దానిని కొంచెము వివరంగా చెబుతాను.

అమెరికాలో టెక్సాస్ రాష్ట్రమున శాన్ ఆంటోనియో నగరానికి 28 మైళ్ళ దూరములో బర్నీ అనే చిన్న పట్టణము వున్నది. అక్కడ ఒక గుట్ట మీద సెయింట్ పీటర్ కథోలిక దేవాలయము వున్నది. దానిని 1923లో, ఆ ప్రాంతపు పాత మిషన్ గుడుల రీతిలో కట్టారు. అందులో సుమారు 230 మంది కూర్చోవచ్చు. సంఘము పెరిగింది. కొన్ని ఆదివారపు ఆరాధనలలో 40 నుండి 60 మందికి చోటు చాలడము లేదు. అగ్రపీఠాధిపతి పాట్రిక్ ఫ్లోరెస్‌గారు దేవాలయాన్ని పెంచుకొమ్మని సంఘానికి అనుమతి ఇచ్చారు. కొద్ది నెలలకే పట్టణ సభవారు చారిత్రక కట్టడాల కమిషనుకు అధికారమిస్తూ ఒక శాసనము చేశారు. గుర్తించిన పేటలోని కట్టడాలకు మార్పు చేయాలంటే ఆ కమిషను ముందుగా ఒప్పుకోవాలి. అగ్రపీఠాధిపతిగారు దరఖాస్తు పెట్టారు. ఆ దేవాలయము చారిత్రక పేటలోనిదంటూ పట్టణమువారు కాదన్నారు.

సంఘమువారు న్యాయస్థానానికి వెళ్ళారు. మత స్వేచ్ఛను కాపాడడానికి ఆ దేశపు కాంగ్రెసు 1993లో చేసిన చట్టము తమ పక్షాన వున్నదని వాదించారు. కింది కోర్టు ఒక రకంగా, పై కోర్టు ఇంకొక రకంగా చెప్పింది. చివరకు 1997 జూన్ 25న సుప్రీం కోర్టు ఆరుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా తీర్పు చెప్పింది. రాష్ట్రాలకు, పట్టణాలకు ఆ చట్టాన్ని వర్తింపజేయడములో కాంగ్రెసు తన అధికారము దాటిందని, అది చెల్లదని తీర్పు. పట్టణము గెలిచింది, సంఘము ఓడింది.

కాని కథ అక్కడ ఆగలేదు. తీర్పు తరువాత కొద్ది కాలానికే ఉభయులు కూర్చుని మాట్లాడుకున్నారు. పాత దేవాలయములో నూటికి 80 వంతులు అట్లాగే నిలపాలి, వెనుక వైపున 750 మంది కూర్చోగల కొత్త శాల కట్టుకోవచ్చు అని ఒప్పందమైంది. గుట్ట కింద నుండి చూచే ఊరివారికి తమ పాత గుడి ముఖము మిగిలింది, సంఘానికి చోటు దొరికింది. ఈ పరిష్కారానికి రాజ్యాంగ వాదనలు అక్కరలేదు. ఒక కాగితము, ఒక పెన్సిలు, ఇద్దరు ఇంజనీర్లు, కొంచెము ఓపిక చాలు. మొదటి దరఖాస్తు నాడే దొరకవలసిన జవాబు సుప్రీం కోర్టు తీర్పు తరువాత దొరికింది.

ఈ కథలో నేను సంఘాన్ని గాని పట్టణాన్ని గాని తప్పుపట్టను. సంఘానికి అవసరము నిజమైనది. పట్టణానికి ప్రేమ నిజమైనది. నిబంధన అనే బల్ల దగ్గర ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారే గాని, మొదట పక్కపక్కన కూర్చోలేదు.

దీనికి కొంచెము భిన్నమైన సంగతి న్యూయార్కులోని సెయింట్ బర్తోలోమ్యు దేవాలయానిది. 1967లోనే ఆ నగరము దానిని చారిత్రక కట్టడముగా గుర్తించింది. 1980 దశకములో ఆ సంఘమువారు దేవాలయము పక్కనున్న తమ సామాజిక భవనాన్ని తీసివేసి 59 అంతస్తుల కార్యాలయ భవనము కట్టాలనుకున్నారు. ఆ ఆదాయముతో దేవాలయపు మరమ్మతులు, బీదల పరిచర్య జరుగుతాయని వారి మాట. నగర కమిషను కాదన్నది. 47 అంతస్తులకు తగ్గించి మళ్ళీ అడిగారు. మళ్ళీ కాదన్నారు. 1990లో అప్పీలు కోర్టు నగరము వైపే తీర్పు చెప్పింది. ఉన్న కట్టడాలతో ఆరాధన, పరిచర్య సాగించలేని స్థితి ఏర్పడిందని సంఘము చూపించలేకపోయిందని కోర్టు అన్నది. దీని నుండి మనము నేర్చుకోవలసినది ఒకటి వున్నది. నిబంధనలో కష్టము చెప్పుకునే ద్వారము వుంటుంది. కాని కష్టాన్ని లెక్కలతో, నక్షాలతో చూపించాలి. బర్నీలో చోటు చాలని మనుషులున్నారు. న్యూయార్కులో ఆదాయము కావాలన్న కోరిక వున్నది. రెండూ ఒకటి కావు. మన కమిటీలు కూడా “స్థలము ఖరీదైనది, కాంప్లెక్సు కడితే అద్దె వస్తుంది” అన్న మాటను, “జనము పట్టడము లేదు” అన్న మాటను వేరువేరుగా తూచాలి.

ఇప్పుడు మన హైదరాబాదుకు వద్దాము. ఇరవై యేండ్లు నడిచిన ఆ పదమూడవ నిబంధనను 2015 డిసెంబరులో ప్రభుత్వము తొలగించింది. ఒక ఉత్తరువుతో వచ్చినది ఇంకొక ఉత్తరువుతో పోయింది. 2017లో తెలంగాణ శాసనసభ వారసత్వ కట్టడాల కొరకు ప్రత్యేక చట్టము చేసింది. ఆ మార్పుల నడుమ ఏమి జరిగిందో ఎర్రమంజిల్ కథ చెబుతుంది. సుమారు 1870 ప్రాంతములో నవాబు ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన ఆ ప్యాలెస్‌లో తరువాతి కాలములో ప్రభుత్వ కార్యాలయాలు నడిచాయి. 1998 పట్టికలో దాని పేరున్నది. 2019 జూన్‌లో దానిని తీసివేసి ఆ స్థలములో కొత్త శాసనసభ భవనము కట్టాలని మంత్రివర్గము నిర్ణయించింది, శంకుస్థాపన కూడా జరిగింది. పౌరులు హైకోర్టుకు వెళ్ళారు. 2019 సెప్టెంబరు 16న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. చట్టము చెప్పిన పద్ధతి పాటించకుండా, అడుగవలసిన చోట అడుగకుండా తీసుకున్న నిర్ణయము నిలువదన్నది ఆ తీర్పు సారాంశము. అడిగి చేయవలసిన పనిని అడుగక చేస్తే ప్రభుత్వమైనా సరే నిలువదు. బర్నీలో చిన్న సంఘానికి వర్తించిన నియమమే ఇక్కడ ప్రభుత్వానికీ వర్తించింది.

అయితే నిబంధన అంత సులభముగా ఎందుకు పోగలిగింది? నాకు తోచిన కారణము చెబుతాను. నిబంధన సొంతదారుని “వద్దు” అన్నంత గట్టిగా “ఇదిగో, సహాయము” అనలేదు. నిషేధము వెంటనే తెలుస్తుంది, సహాయము కార్యాలయాల వెంట తిరిగితే గాని దొరకదు. అట్లాంటప్పుడు పట్టికలో పేరెక్కిన ఇల్లు సొంతదారునికి గౌరవముగా తోచదు, శిక్షగా తోస్తుంది. శిక్షగా తోచిన నిబంధన పోయిన నాడు దాని కొరకు కన్నీరు పెట్టేవారు కొద్దిమందే. కాపాడే నిబంధన చేసేవారు నష్టపడేవారికి తోడు నిలిచే దారి కూడా అందులోనే వ్రాయాలి.

అటువంటి దారులు లేకపోలేదు. ఒకటి, కట్టుకునే హక్కు బదిలీ. నా స్థలములో ఐదంతస్తులు కట్టుకునే హక్కు వున్నది, కాని పాత రెండంతస్తుల ఇల్లు నిలపమన్నారు. మిగిలిన మూడంతస్తుల హక్కుకు ఒక పత్రము ఇస్తే, దానిని ఊరిలో ఇంకొక చోట కట్టుకునేవారికి నేను అమ్ముకోవచ్చు. బొంబాయి నిబంధనలో ఈ వీలు కల్పించారు. రెండు, ఇంటి పన్నులో తగ్గింపు. మూడు, వాడుక మార్చుకునే సెలవు. ఎవరూ కాపురముండలేని పాత మేడను గ్రంథాలయముగానో భోజనశాలగానో నడుపుకోనిస్తే అదే దాని మరమ్మతుకు డబ్బు తెస్తుంది. నాలుగు, ఉచిత సలహా. డంగు సున్నముతో కట్టిన గోడకు ఏమి చేయాలో తెలిసిన మేస్త్రీని పంపించడము. మన వార్డు సభ్యులను, శాసనసభ్యులను కలిసినప్పుడు మనము అడుగవలసినవి ఇవి. నిబంధన వద్దని అడుగవద్దు. నిబంధనతోపాటు సహాయము కావాలని అడగండి.

సొంత ఇంటి మీద ఇతరుల కొరకు నిబంధన పెట్టడము మనకు కొత్తదని అనుకోవద్దు. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో కట్టడ నిబంధన ఒకటున్నది. కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దె మీద చుట్టూ పిట్టగోడ కట్టాలి, ఎవరూ పడి ప్రాణము పోగొట్టుకోకుండా. ఇల్లు అతనిదే, ఖర్చు అతనిదే, మేలు మాత్రము మిద్దె ఎక్కినవారందరిదీ. సొంతము అన్న మాటకు అక్కడే ఒక హద్దు ఏర్పడింది.

ఇంగ్లండు దేశములో సంఘాలు ఈ సంగతిని ఇంకొక రీతిగా పరిష్కరించుకున్నాయి. అక్కడ 1913 నాటి చట్టము నుండి ఆరాధన జరుగుచున్న దేవాలయాలకు ప్రభుత్వపు కట్టడాల నియంత్రణ నుండి మినహాయింపు వున్నది. కాని ఊరికే కాదు. ఇంగ్లండు సంఘములో దేవాలయము కిటికీ మార్చాలన్నా, బల్లలు తీయాలన్నా అధ్యక్ష మండలపు న్యాయాధికారి అనుమతి పత్రము కావాలి. ఆయనకు సలహా ఇచ్చే కమిటీ ప్రతి అధ్యక్ష మండలములో వున్నది. 1994లో ఈ మినహాయింపును తగిన సొంత పద్ధతి వున్న సంఘాలకే పరిమితము చేశారు. అంటే “మీ ఇంటిని మీరే చక్కగా చూసుకుంటే మేము లోపలికి రాము” అన్నట్లు. ఇది మనము ఆలోచించదగినది. ప్రభుత్వము మన మీద పెత్తనము చేయకూడదని కోరేవారు, ముందు మన ఇంట్లో ఒక పద్ధతి వున్నదని చూపించాలి.

మెదక్ కథీడ్రల్ వంటి దేవాలయానికి భయము లేదు. పోస్నెట్ దొరగారి కాలములో 1914లో మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన ఆ దేవాలయము, 175 అడుగుల గోపురముతో, రంగుటద్దాల కిటికీలతో, చూడవచ్చేవారే దాని కాపలాగా నిలిచి వున్నది. భయము చిన్నవాటికి. పెంకుల కప్పు, ఒక గంట, మందపాటి గోడలు, పేరులేని మేస్త్రీలు కట్టిన పల్లె దేవాలయాలు, మిషన్ బడులు ఏ పట్టికలోనూ లేవు. మొదటి తరము విశ్వాసులు కూలి పని చేసుకుంటూ రాళ్ళు మోసి కట్టినవి కొన్ని. వాటి విషయములో అడిగే కమిటీ లేదు. గునపం పడిన మరునాడు వాటి కథ చెప్పేవారుండరు.

కాబట్టి ఈ శతవార్షికములో ప్రతి పాస్టరేట్ చేయదగిన నాలుగు పనులు చెప్పి ముగిస్తాను.

మొదటిది, మన పట్టిక మనమే వ్రాసుకుందాము. పాస్టరేట్‌లో యాభై యేండ్లు దాటిన ప్రతి కట్టడానికి ఒక పేజీ. ఎప్పుడు కట్టారు, దేనితో కట్టారు, పునాదిరాయి మీద ఏమున్నది, ఎవరు సమాధి అయ్యారు, ఎప్పుడు ఏ మరమ్మతు జరిగింది. నాలుగు వైపుల నుండి ఫొటోలు తీయించండి. యవనస్థుల కూటమికి ఇది ఒక వేసవి సెలవుల పని. పెద్దవారు బ్రతికి వుండగానే వారినడిగి వ్రాయండి.

రెండవది, తరగతి నిర్ణయించుకుందాము. అన్నీ నిలపాలని నేను అనడము లేదు. పడిపోవడానికి సిద్ధముగా వున్న వంటశాలకు చారిత్రక మర్యాద అక్కరలేదు. ఏది తాకకూడనిది, ఏది లోపల మార్చుకోవచ్చు, ఏది తీసివేయవచ్చు అని ప్రశాంతముగా వున్నప్పుడే వ్రాసిపెట్టుకుంటే, కాంట్రాక్టరు వచ్చి కూర్చున్నప్పుడు తొందరపడము.

మూడవది, మరమ్మతు తెలిసి చేద్దాము. సున్నముతో కట్టిన పాత గోడ లోపలి తేమను బయటికి విడుస్తుంది. దాని మీద సిమెంటు పూత వేస్తే తేమ లోపలే చిక్కుకొని రాయి పొట్టుగా రాలుతుంది, సున్నము పిండిగా జారుతుంది. తరువాత “గోడ పాడైపోయింది, పడగొట్టాలి” అంటారు. గోడను పాడుచేసినది చాలాసార్లు వయస్సు కాదు, మన మరమ్మతే. పాత గోడకు సున్నపు పనే చేయించండి. ముందుగా కప్పు మీది పగుళ్ళు, వాననీరు పోయే తూములు చూడండి. ఏటేటా చేసే ఆ చిన్న ఖర్చు పెద్ద ఖర్చును ఆపుతుంది.

నాలుగవది, అడుగుదాము. ప్లాను గీయించకముందు మున్సిపాలిటీలో మన స్థలము ఏ పట్టికలో వున్నదో, దగ్గరలో రక్షిత కట్టడమేదైనా వున్నదో విచారించండి. మన అధ్యక్ష మండలములో కూడా ఒక చిన్న సలహా సంఘాన్ని నియమించమని అధ్యక్షులవారిని ఈ సభా ముఖముగా కోరుతున్నాను. అందులో ఒక ఇంజనీరు, ఒక చరిత్ర ఉపాధ్యాయుడు, ఒక అనుభవమున్న తాపీ మేస్త్రీ, స్త్రీల మైత్రి నుండి ఒకరు వుంటే చాలు. పాత కట్టడము తీసివేయదలచిన ఏ పాస్టరేట్ అయినా ముందుగా వారి ఎదుట తన అవసరము చెప్పాలి. వెనుక వైపున కట్టుకునే వీలున్నదా, పక్క గోడ తెరచి పెంచుకునే వీలున్నదా అని వారు చూస్తారు. ఏ వీలూ లేదని తేలితే, ఫొటోలు, కొలతలు తీసి భద్రపరచి, ప్రార్థన చేసి, గౌరవముగా దానిని దించుదాము. అప్పుడు కూడా దాని రాళ్ళు కొత్త గోడలో చేరాలి.

ప్రభుత్వము చేసిన పట్టిక ఒక ఉత్తరువుతో రావచ్చు, ఒక ఉత్తరువుతో పోవచ్చు. సంఘము చేసుకున్న పట్టిక సంఘమున్నంత కాలము వుంటుంది. రాబోయే సర్వసభ్య సమావేశము నాటికి మీ పాస్టరేట్ పేజీలు వ్రాసి తెస్తారని ఆశిస్తున్నాను.